మెంతికూర తెంపుతున్న అమ్మ

పక్కింటి ముసలాయన మా అమ్మ బొమ్మ గీస్తానని అడిగినప్పుడు నాకు ముందు వచ్చింది కోపం. ఏ సంగతికైనా నాకు ముందు వచ్చేది అదే. "నీకు జ్వరం వచ్చినా కోపం లెక్కనే వస్తది" అంటాడు మా ఆయన. ఆఫీసులో మా ఇంగ్లిష్ మేనేజరు నా అప్రైజల్‌లో 'ప్యాషనేట్' అని రాశాడు. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలియక కాదు.

నా కోపానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. మా నాన్న కసురుకున్నా, మా మేనత్తలు సూటిపోటి మాటలన్నా కుక్కిన పేనులా పడి ఉండేది. పన్నెండేళ్ల వయసులో ఒకసారి పెద్ద మేనత్త మీదికి ఒంటికాలి మీద లేచాను, కూర సరిగ్గా లేదని అందరి ముందూ అమ్మను అన్నందుకు. ఆ దెబ్బతో ఆవిడ ఆరు నెలలు మా గడప తొక్కలేదు. అప్పటినుంచి అమ్మ తరఫున మాట్లాడే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను.

నాన్న పోయినప్పుడు ఇంగ్లండులో మేముండే వాట్‌ఫర్డ్ నుంచి కరీంనగర్ వెళ్లాను. పదో రోజు పొద్దున మేనత్తలూ చిన్నమ్మలూ అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, చేతినిండా గాజులు తొడిగి, నుదుట ఇంత కుంకుమ పెట్టి, ఆ తరువాత జరగాల్సిందానికి సిద్ధమయ్యారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా అమ్మ గాజులు ఎవరు పగలగొడ్తరో రాండ్రి, ముందు వాళ్ల చేతులు ఇరగ్గొడ్త" అన్నాను. ఆడవాళ్లంతా నోళ్లు మూసుకున్నారు. గాజులు పగల్లేదు. ఆ పూట నేను గెలిచాను.

సాయంత్రం అమ్మ స్నానం చేసి బయటకు వచ్చింది. గాజులు తనే తీసేసుకుంది. నుదురు కడిగిన పలకలా ఉంది. ఎప్పుడూ పావలా అంత కుంకుమ బొట్టు ఉండే చోట లేత రంగు మచ్చ ఒకటి మిగిలింది, అంతే. సరే, అది అమ్మ ఇష్టం అనుకున్నాను. ఆ తరువాత ఎవరైనా "ఈ రోజుల్లో స్టిక్కర్ పెట్టుకుంటున్నరు కదా" అంటే వాళ్ల మీద కూడా విరుచుకుపడేదాన్ని. "మా అమ్మకు ఇష్టం లేదు. ఆమె జోలికి రాకండ్రి" అనేదాన్ని. ఇష్టమా కాదా అని అమ్మను మాత్రం అడగలేదు. అడగాలని తట్టలేదు.

ఏడాదిన్నర తరువాత ఆరు నెలల విజిటర్ వీసా మీద అమ్మను తెచ్చుకున్నాను. ఏప్రిల్‌లో దిగింది.

మా పక్కింట్లో ఉండే ఇటాలియన్ ముసలాయనతో అప్పటికే నాకు గొడవ. ఫిబ్రవరి గాలికి రెండిళ్ల మధ్య కంచెలో ఒక చెక్క పలక ఊడి పడిపోయింది. ఆ కంచె ఎవరిది అన్నది పేచీ. ఇంటి కాగితాలు తీసి చూపించాను, అది ఆయనదే. ఆయన కళ్లజోడు నెత్తి మీదికి నెట్టి ఆ కాగితం చూసి, "బాగుంది మేడమ్, ఇప్పుడు మీ గులాబీలు నాకు కనబడుతున్నాయి" అన్నాడు. ఎనభై దాటిన మనిషి. చొక్కా చేతుల నిండా రంగు మరకలు. కాగితం లాక్కుని వచ్చేశాను. పలక మాత్రం అలాగే పడి ఉంది.

ఆ సందులోంచే ఆయన మా అమ్మను చూశాడు.

అమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆదివారం నేను ఈస్ట్ హామ్‌లో మనవాళ్ల కూరగాయల కొట్లకు వెళితే మెంతికూర కట్టలు ఏడెనిమిది తెప్పించుకునేది. మా కూతురు చిన్నప్పుడు వాష్ బేసిన్ అందుకోవడానికి ఎక్కిన నీలం ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉంది. దాన్ని తోటలో వేసుకుని, చీర మీద నా పాత స్వెటర్, కాళ్లకు మా ఆయన సాక్సులు వేసుకుని, ఒళ్లో పేపరు పరుచుకుని ఆకు తెంపేది. ఒక్కో రెమ్మనూ తిప్పి చూసి తెంపేది. ఆ పని గంట పడితే గంట సంతోషంగా ఉండేది.

ఒక రోజు ఇంటినుంచే ఆన్‌లైన్ మీటింగులో ఉండగా కిటికీలోంచి చూస్తే ఆ ముసలాయన సందు దగ్గర నిలబడి గాలిలో చేత్తో ఏదో గీసి చూపిస్తున్నాడు. అమ్మ నవ్వుతోంది. నేను మ్యూట్ పెట్టి పరుగెత్తాను.

"మీ అమ్మగారి బొమ్మ గీయవచ్చా అని అడుగుతున్నాను" అన్నాడు.

"అమ్మకు ఇంగ్లిష్ రాదు."

"నేను ఇంగ్లిష్‌లో అడగలేదు. ఎలాగూ ఆవిడకు రానప్పుడు ఏ భాష అయితేనేం? నాకు సుఖంగా ఉండే భాషలోనే అడిగాను."

అమ్మ వైపు తిరిగి, "నీకేమన్న సమజైందా?" అన్నాను.

"బొమ్మ గీస్తడట గదా బిడ్డా. గీయనియ్యి, నాకేమన్న పనా పాటా" అంది.

నాకు నచ్చలేదు. కానీ ఇల్లూ టీవీ తప్ప అమ్మకు ఇంకేమీ లేదని నాకూ తెలుసు. సరేనన్నాను, బొమ్మ ఎలా ఉండాలో నేను చెబుతానన్న షరతు మీద. మూడో రోజు లంచ్ టైములో, అమ్మ తిరిగొచ్చాక, ఆయన తోట వెనక బొమ్మలు గీసుకునే షెడ్డుకు వెళ్లి చూశాను. బొగ్గుతో గీసిన గీతలు. అదే స్టూలు, అదే స్వెటర్, అవే సాక్సులు. నాకు ఒళ్లు మండింది. "మా అమ్మకు ఎన్ని పట్టుచీరలున్నాయో తెలుసా? గొలుసు, గాజులు ఉన్నాయి. రేపు వేసుకొస్తుంది. పనిమనిషిలా గీస్తారా?" అన్నాను.

ఆయన చేతిలోని బొగ్గు ముక్క గిన్నెలో పెట్టి, "మేడమ్, పట్టు నాకు బాగా వచ్చు. ముప్పై ఏళ్లు మేయర్ల భార్యలకు పట్టు గీశాను, ఆ డబ్బుతోనే బతికాను. నాకు కావాల్సింది మాత్రం ఇదిగో, ఈవిడ ఆకు తెంపే తీరు" అన్నాడు.

కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను, మనిషి మాత్రం చెప్పడం ఆపలేదు. దక్షిణ ఇటలీలో కొండ మీది ఊరట వాళ్లది. తండ్రి బెడ్‌ఫర్డ్ ఇటుకల ఫ్యాక్టరీకి కూలికి వస్తే తొమ్మిదేళ్లకు వెనకాల వచ్చాడు. పదహారేళ్లకు తనూ అదే ఫ్యాక్టరీలో చేరాడు. సాయంత్రాలు క్లాసులకెళ్లి బొమ్మలు నేర్చుకున్నాడు. అప్పట్లో ఫ్యాక్టరీ కుర్రాళ్లంతా ఊళ్లో ఉన్న తల్లులకు పంపడానికి తమ బొమ్మలు గీయించుకునేవారు. అందరికీ సూటు కావాలి, చేతికి వాచీ కావాలి. ఎవరి దగ్గరా సూటు లేదు. ఈయన గీసి పెట్టేవాడు.

"ఒకడు తన చేతులు తెల్లగా గీయమన్నాడు. ఇటుక దుమ్ము గోళ్లలోకి పోయి ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అడిగాడు కదా అని తెల్లగా గీశాను. వాళ్లమ్మ దగ్గరినుంచి జవాబు వచ్చింది. మొహం మా వాడిలాగే ఉంది, ఈ చేతులు ఎవరివి, నా కొడుకు చేతులేమయ్యాయి, యాక్సిడెంటు అయితే నా దగ్గర దాస్తున్నారా అని రాసింది. ఆ మనిషి ఉత్తరం చదివి ఏడ్చాడు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. లేనిది పెట్టను, ఉన్నది తీయను."

ఆ ఒట్టు వల్ల చాలా నష్టపోయాడట. ఒక మేయరుగారి ముక్కు మీది పులిపిరి తీయనన్నందుకు ఆ బొమ్మ ఇప్పటికీ ఈయన షెడ్డులోనే ఉంది. నాకు చూపించాడు. గోడల నిండా బొమ్మలే. ఆ మేయరు తప్ప మిగతావాళ్లెవరూ గొప్పవాళ్లు కారు. బడిలో అన్నం వడ్డించే ఆవిడ, లాండ్రెట్‌లో బట్టలు తిరుగుతుంటే చూస్తూ కునికే ఆడమనిషి, డాక్టరు క్లినిక్‌లో వంతు కోసం కూర్చున్న తాతా మనవరాలూ, గడ్డం గీస్తున్న మంగలి. ఒక్కరూ మన వైపు చూడరు. అందరూ చేతిలో పనినే చూసుకుంటారు. బాగున్నాయని నాకూ అనిపించింది. ఆయనతో మాత్రం అనలేదు.

షెడ్డులో ఒక పక్క నేల మీద పెద్ద అద్దం ఆనించి ఉంది, పాత బీరువా తలుపుది. అదెందుకని అడిగాను. గీస్తూ గీస్తూ ఉంటే కళ్లు అలవాటుపడిపోతాయట, తప్పు కనబడదట. అద్దంలో బొమ్మ కుడిఎడమలవుతుంది కనుక తప్పు ఇట్టే పట్టేయవచ్చట. మామూలుగా బొమ్మ పూర్తయ్యేదాకా కూర్చున్నవాళ్లకు చూపించరు కానీ, అమ్మ స్టూలు నుంచి ఆ అద్దంలో బొమ్మ కనబడుతుంది, అమ్మ తనకు తనూ కనబడుతుంది. "సిన్యోరాకు ఇష్టం, చూసుకోనివ్వండి" అన్నాడు. అమ్మగారు అనడానికి వాళ్ల భాషలో మాట అది.

ఇంటికొచ్చాక అమ్మను అడిగాను, పట్టుచీర కట్టుకుంటావా అని. "వద్దు తియ్యే. పట్టుచీరల ఆకు తెంపుతరా ఎవలన్న" అంది.

ఇక రోజూ పది గంటలకు నేను లాగిన్ కాగానే అమ్మ ఒక చేత్తో స్టూలు, ఒక చేత్తో మెంతికూర కట్ట పట్టుకుని కంచె సందులోంచి అటు వెళ్లేది. పన్నెండింటికి తెంపిన ఆకుతో వచ్చేది. ఆయన ఇటాలియన్‌లో, ఈమె తెలుగులో, ఏం మాట్లాడుకునేవారో ఏమో! ఏం చెప్పాడని అడిగితే, "ఆయనకు ఇద్దరు చెల్లెండ్లట, ఒకామె సముద్రంల పోయిందట పాపం" అని చెప్పేది. నీకెట్ల తెలిసిందే అంటే, "చెప్పిండు కదా" అనేది. ఆ నెలలో అమ్మ కొంచెం ఒళ్లు చేసింది. మెట్లు దిగుతూ కూనిరాగం తీయడం ఒకసారి విన్నాను. మళ్లీ నా అడుగుల చప్పుడు వినగానే ఆపేసింది.

అప్పుడే ఇంకో చిన్న విషయం జరిగింది. ఇక్కడ చెప్పకపోతే తరువాత అర్థం కాదు. నేను రోజూ చిన్న స్టిక్కర్ బొట్టు పెట్టుకుంటాను, మెరూన్ రంగుది, నిగనిగలాడే రకం. మొహం కడిగేటప్పుడు తీసి బాత్రూం అద్దానికి అతికిస్తాను. మా అమ్మకూ, ఆమె చెల్లెళ్లకూ, అందరికీ అదే అలవాటు. మా ఆయన గడ్డం గీసుకుంటూ రోజూ గొణుగుతాడు, నా మొహానికి మశూచి వచ్చినట్టు కనబడుతోందని. ఆ నెల నా స్టిక్కర్ల ప్యాకెట్లు ఇట్టే అయిపోతున్నాయి. పదిహేనేళ్ల మా కూతురు ఆర్ట్ హోంవర్కు కోసం తీస్తోందని పట్టుకుని అరిచాను. "ఐ హావెంట్ టచ్‌డ్ యువర్ స్టుపిడ్ స్టిక్కర్స్, మమ్!" అని అది తలుపు దబాలున వేసుకుంది. అమ్మ ఆ గదిలోనే చపాతీలు చేస్తోంది. తల ఎత్తలేదు.

జూన్ చివర్లో బొమ్మ పూర్తయింది. మన ఊరి లైబ్రరీలో నెల రోజులు తన బొమ్మలు పెడుతున్నారని, అమ్మ బొమ్మను మధ్యలో పెడతానని, అంతకుముందే శనివారం షెడ్డుకు వచ్చి చూడమని ఆయన పిలిచాడు. నేనూ, మా ఆయనా, కూతురూ, అమ్మా నలుగురం వెళ్లాం. మా వీధిలోనే ఉండే హైదరాబాద్ ఆంటీ కూడా వెంటబడి వచ్చింది. ఆవిడ చూసిందంటే వాట్‌ఫర్డ్‌లో తెలుగువాళ్లందరూ చూసినట్టే.

ఆయన బొమ్మ మీది గుడ్డ తీశాడు.

మా అమ్మ. నిజంగా మా అమ్మే. చూపుడువేలూ బొటనవేలూ రెమ్మను పట్టుకున్న పట్టు, స్వెటర్ మోచేతి దగ్గర లేచిన దారం, కింద పెదవి కొద్దిగా లోపలికి మడుచుకోవడం. దగ్గరికి జరిగాను. మరుక్షణం నుదురు చూశాను. కనుబొమల మధ్య చిన్న మెరూన్ బొట్టు.

"అయ్యో, ఇదేంది?" అంది ఆంటీ.

అంతే, నేను తాడెత్తున లేచాను. ఇప్పటికీ ఆ మాటలన్నీ నాకు గుర్తున్నాయి, గుర్తుండకపోతే బాగుండును. "ఇండియా ఆడది అనగానే బొట్టొకటి అతికించేస్తారా? ఎవరు చెప్పారు మీకు? మా నాన్న పోయారు. ఆవిడ బొట్టు పెట్టుకోదు. అది ఆవిడ నిర్ణయం. డెబ్బై ఏళ్లుగా ఈ దేశంలో ఉండి, మీ వాళ్లను ఇంగ్లిష్ వాళ్లు ఎన్ని మాటలన్నారో చూసి, మీరు చేసే పని ఇదా? మీకు ఎరుపు కావాలంటే ఇంకెక్కడైనా పూసుకోండి!" అన్నాను. నాకు నేను చాలా న్యాయంగా కనబడ్డాను. మా కూతురు కూడా మొదటిసారి నా పక్షాన, "దట్స్ సో రేసిస్ట్" అని గొణిగింది.

ముసలాయన నోరు తెరిచాడు. "నేను ఎదురుగా ఉన్నదే గీస్తాను, మేడమ్" అన్నాడు మెల్లగా.

"ఎదురుగానే ఉంది కదా. చూడండి. ఉందా?" అని అమ్మ భుజం పట్టుకుని ఆయన ముందుకు లాగాను. ఖాళీ నుదురు. ఆయన ఆ నుదుటి వైపు చాలాసేపు చూశాడు. అమ్మ ఆయన వైపు చూసి తల అటూ ఇటూ కొంచెంగా ఆడించింది. బొమ్మ పాడుచేశాడని బాధపడుతోంది అనుకున్నాను.

"చూసినవా అమ్మా ఏం చేసిండో?" అన్నాను.

"తీసెయ్యమను బిడ్డా" అంది అమ్మ. "నిమ్మళంగ చెప్పు. పెద్దాయన."

ఆయన సన్న చాకు తీసుకున్నాడు. బొట్టును గీకి తీసి, గుడ్డతో తుడిచి, పక్కన ఉన్న చర్మం రంగు వేలితో అద్దాడు. ఉన్నది తీయను అన్న మనిషి. ఆ మాట నాకు ఆ నిమిషాన గుర్తు రాలేదు, వచ్చినా పట్టించుకునేదాన్ని కాదు. మేయరు పులిపిరి తీయనివాడు నేను చెబితే బొట్టు తీశాడని ఇంటికొస్తూ మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా.

సోమవారం పది గంటలకు అమ్మ స్టూలు తీయలేదు. బొమ్మ అయిపోయింది కదా, ఇంకెందుకు పోతుంది అనుకున్నాను. మా డబ్బుతోనే మనిషిని పిలిపించి కంచె పలక బిగించేశాను. ముసలాయన అటు పక్కనుంచి చూస్తూ నిలబడ్డాడు, గులాబీల గురించి ఏమీ అనలేదు. లైబ్రరీలో బొమ్మ పెట్టారు. తెలుగువాళ్లు వరసగా వెళ్లి ఫొటోలు దిగారు. "మీ అమ్మ ఎంత సాదాగా, ఎంత పవిత్రంగా ఉన్నరో" అన్నది ఆంటీ. నేను పొంగిపోయాను.

అక్టోబరులో వీసా గడువు అయింది. వెళ్లే ముందు రోజు అమ్మ టమాట పచ్చడి సీసా ఒకటి పట్టుకుని, రోడ్డు మీదినుంచి చుట్టూ తిరిగి, ఆయన ముందు తలుపు కొట్టింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన సీసా అందుకుని ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మళ్లీ నాకు చిరాకేసింది, ఈ ముసలాయనకు ఇంతెందుకని.

ఆ జనవరిలో ఆయన పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లడం చూశాను, తిరిగి రావడం చూడలేదు. ఫిబ్రవరిలో బెడ్‌ఫర్డ్ నుంచి ఆయన మేనకోడలు వచ్చింది, ఇల్లు ఖాళీ చేయడానికి. ఇంటి ముందు చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టి దించారు. అందులోకి ఫ్రేములు విరిచి విరిచి వేస్తుంటే చూడలేక వెళ్లాను. మళ్లీ గొడవకే వెళ్లాను. "ఇవి ఆయన జీవితమమ్మా, చెత్తలో వేస్తారా?" అన్నాను. ఆమె విసుక్కోలేదు. అలిసిపోయి ఉంది. మంచివన్నీ ముందే తీసి పెట్టానని, ఇవి పుచ్చిపోయిన చెక్కలని చెప్పింది. "మీరు పక్కింటి ఆవిడా? మీ అమ్మగారి బొమ్మ వెనుక చీటీ ఉంది, ఆవిడకు పంపమని. లోపలుంది, తీసుకెళ్లండి" అంది.

షెడ్డు సగం ఖాళీ అయింది. బొమ్మ గోడకు ఆనించి ఉంది. వెలుతురులోకి తిప్పాను. నుదుట అద్దిన రంగు చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం ముదురుబారి, ఎక్కడ గీకాడో అక్కడ గుండ్రంగా తేలింది. నాన్న పదో రోజు సాయంత్రం అమ్మ నుదుట కనబడిన మచ్చ గుర్తొచ్చింది. దాన్ని దగ్గరగా చూద్దామని నేల మీద కూర్చున్నాను.

పక్కనే అద్దం ఉంది. నేనెప్పుడూ ఆ షెడ్డులో కూర్చోలేదు. అరిచింది కూడా నిలబడే. ఇప్పుడు నేల మీద కూర్చుంటే, ఆ నీలం స్టూలు మీద కూర్చున్న మనిషి చెయ్యి సరిగ్గా అందే చోట, అద్దం అంచు వెంబడి, మెరూన్ స్టిక్కర్లు. ఒకదాని కింద ఒకటి. నావే. నిగనిగలాడే రకం. లెక్కపెట్టాను. ఇరవై మూడు.

"ఆ అద్దం కూడా పారేయాలి" అంది గుమ్మంలోంచి ఆ మేనకోడలు. "ఏవో అతికించి ఉన్నాయి, రావడం లేదు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు గీకబోతే మామయ్య అరిచాడు, ముట్టుకోవద్దని."

అంటే రోజూ పది గంటలకు అమ్మ నా ప్యాకెట్టులోంచి ఒకటి కొంగు చివర దాచుకుని, కంచె దాటి, ఈ అద్దంలో చూసుకుంటూ పెట్టుకుంది. రెండు గంటలు బొట్టుతో కూర్చుంది. పన్నెండింటికి తీసి, మా ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటు చొప్పున అద్దానికి అతికించి, ఖాళీ నుదుటితో నా ఇంటికొచ్చింది. ఆ ముసలాయన ఎదురుగా ఉన్నదే గీశాడు. బొట్టు మధ్యలో వెలుగు చుక్క కూడా పెట్టాడు, ఆ శనివారం నా కళ్లతో నేను చూశాను. కుంకుమ మెరవదు. స్టిక్కరే మెరుస్తుంది. రోజూ పెట్టుకునే నాకు తెలియదా? కోపంలో ఉన్నాను, ఇంకేం తెలుస్తుంది?

అక్కడే కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేశాను. కరీంనగర్‌లో సాయంత్రం. ఫోను కుంకుడుకాయల డబ్బాకు ఆనించి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫోను అద్దం వైపు తిప్పాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఉన్నయా ఇంక?" అంది.

"అమ్మా, ఎందుకు చెప్పలే? అందరి ముందర నేను గంతగనం మొత్తుకుంటుంటే, నేనే పెట్టుకున్న అని ఒక్క మాట అంటే అయిపోతుండె కదా? ఆ పెద్దాయనను నేను ఎన్ని మాటలన్న..."

"చెప్దామనే అనుకున్న బిడ్డా. నీ మొఖం చూసి భయమైంది."

"నేనంటే భయమా? నీ తరఫున కొట్లాడిందే నేను కదనే!"

"కొట్లాడినవ్. కాదంటున్ననా?" అమ్మ ఒక కాయ తీసుకుని ఈనె లాగింది. "పదో దినం నువ్వు అందరి మీద ఒర్రినవ్. గాజులు పగలనియ్యలే. కానీ అటెన్క నన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోతివి కదా బిడ్డా, నేను గా మేనత్తల నడుమనే ఉండాలె. గందుకే వాళ్లకు భయపడి తీసేసిన. ఈడ వాళ్లంటే భయం. ఆడికొస్తే నువ్వంటే భయం. ఆ పెద్దాయనకు నా మాట తెల్వది, నన్నేమంటడు? గందుకని ఆయన షెడ్డుల పెట్టుకున్న."

నిష్ఠూరంగా అనలేదు. ఇవాళ కరెంటు పోయింది అన్నట్టు చెప్పింది. అదే నన్ను ఎక్కువ కోసింది. నాకు కోపం వచ్చింది, ఎప్పటిలాగే. మేనత్తల మీద, ఆంటీ మీద, నోరు తెరిచి కూడా ఒక్క ముక్క చెప్పని ఆ చచ్చిన ముసలాయన మీద. ఒక్కొక్కరి మీదినుంచీ అది జారి నా దగ్గరకే వచ్చి కూర్చుంది.

"రేపటినుంచి పెట్టుకో. ఎవలు ఏమంటరో నేను చూస్త" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ కళ్లు అప్పటికే కిందికి వాలిపోయాయి, ఆ గొంతు ఎలా మొదలవుతుందో తెలిసినట్టు. ఆ మాట మింగేశాను. అలా మింగడం నాకు ఇది మొదటిసారి. చాలా కష్టమైంది.

"నీకు పెట్టుకోవాలనుందా అమ్మా?" అని అడిగాను.

అమ్మ ఇంకో కాయ ఈనె లాగి గిన్నెలో వేసింది.

"ఆ అద్దం పారేస్తున్నరా?" అంది.

"లేదు. ఇంటికి తీస్కపోతున్న."

"పైలంగ తీస్కపో బిడ్డా" అంది. "అవి ఊడకుండ."